లిఫాఫా విప్పకముందు నేసిన తువ్వాల

మా ఇంట్లో తువ్వాలలన్నిటి మీదా వేరేవాళ్ల పేర్లే. వేడి గిన్నెలు దించే గుడ్డ మీద ఎవరో రిటైరైన హెడ్‌మాస్టరు పేరు. మొహం తుడుచుకునేదాని మీద ఒక పెళ్లి జంట. నీళ్ల కుండ కింద పరిచినది మున్సిపల్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయిన ఒకాయనది. వాళ్లలో ఒక్కరినీ నేను చూడలేదు. వాళ్ల పేర్లు ఉతికి ఆరేసింది మాత్రం నేనే.

ఆ పేర్లన్నీ నేసింది మా ఇంటాయన. మొగుడి పేరు నోటితో అనకూడదని మా అమ్మ నేర్పింది. రాయకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఆయన పేరు పెంటప్ప. పెద్దక్క చంద్రభాగ తర్వాత పుట్టిన మగపిల్లలు దక్కలేదట. ఈయన పుట్టగానే మా అత్త పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు మళ్లీ ఎత్తుకుందట. దక్కాడు. ఆ పేరే ఉండిపోయింది. పెద్దవాళ్ల పేర్లు నూలులో నేసే మనిషికి అలాంటి పేరేమిటని మగ్గాల దగ్గర వాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు.

సోలాపూర్‌లో ఏ సత్కారమైనా తువ్వాల, టోపీ, కొబ్బరికాయ లేకుండా జరగదు. కాస్త పెద్ద మనిషయితే తువ్వాల మీద పేరు నేయిస్తారు. ఇచ్చేది ఎవరో, పుచ్చుకునేది ఎవరో అంచు మీద మరాఠీలో ఉంటుంది. చివర 'సప్రేమ భేట్' అని, ప్రేమతో ఇచ్చిన కానుక అని. అది రంగుతో రాసేది కాదు. ముందు గళ్ల కాగితం మీద అక్షరాలు గీయాలి. ఆ గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టాలి. అట్టలన్నీ దారంతో దండలా కలిపి కుట్టి మగ్గం మీద పోగులెత్తే జకార్డు యంత్రానికి ఎక్కించాలి. అందుకని పేరు తువ్వాల కావాలంటే పని జరగకముందే చెప్పి పెట్టుకోవాలి. తాళి కట్టకముందే పెళ్లి తువ్వాల తయారైపోతుంది. అది అందరికీ అలవాటే.

కొత్త అట్టలతో నేసిన మొదటి తువ్వాలను నేయించినవాళ్లకు ఇవ్వరు. ఎక్కడ అక్షరం తెగిందో, ఏ అట్ట తప్పు కొట్టారో అందులో తేలుతుంది. ఆ గుడ్డ నేసినవాడి ఇంటికి పోతుంది. మేముండే దాజీ పేటలో అది మామూలు. దానితోపాటు ఇంకో మామూలు ఉంది. సత్కారం అయిపోయేదాకా ఆ గుడ్డను ఇంటి బయట ఆరేయకూడదు, ఎవరికీ చూపకూడదు. ఎవరికి ఎవరు ఏం పెడుతున్నారో ముందే బజారున పడితే నేసినవాడి మాట పోతుంది. మాట పోయినవాడికి పేర్ల పని ఇవ్వరు. మా ఇంటాయన ఆ మామూలు ఎన్నడూ తప్పలేదు. కొత్త గుడ్డ తెస్తే పెట్టె అడుగున పెట్టేవాడు. నేను అడిగేదాన్ని కాదు.

ఆయన నేసే కారఖానా అంబాదాస్ సేటుది. మా మామ పోయినప్పుడు, మీసాలు రాని ఈయనను పిలిచి మగ్గం మీద కూర్చోబెట్టింది ఆయనే. తర్వాత జకార్డు నేర్పించిందీ ఆయనే. పండగకు మా ఇంటికి మిఠాయి పంపేవాడు. అంబాదాస్ సేటు పేరు వస్తే మా ఇంటాయన నిలబడి మాట్లాడేవాడు.

గల్ఫ్‌లో లడాయి అయిన ఏడు మా పేటలో కిరసనాయిలు కరువొచ్చింది. మేం రాకెల్ అంటాం. అప్పుడు మా గల్లీలో గ్యాస్ పొయ్యి ఎవరికీ లేదు. స్టవ్వు వెలిగితేనే వంట. రైలు పట్టాల దగ్గర సర్కారు కట్టించిన పెద్ద టాంకీలు ఉండేవి. రైలు వ్యాగన్లు రాని రోజుల్లో జనానికి పోయడానికని అందులో నూనె నిల్వ పెట్టేవారు. ఆ ఏడు వ్యాగన్లూ సరిగ్గా రాలేదు, నిల్వా బయటికి రాలేదు. రేషన్ దుకాణానికి పోతే 'రాకెల్ లేదు' అని పలక వేలాడేది. నరసయ్య సేటు మనుషుల దగ్గరికి పోయి మెల్లగా అడిగితే మాత్రం ఎంతంటే అంత దొరికేది. నరసయ్య సేటు ఒకప్పుడు మాలాగే మగ్గం మీద బతికినవాడే. తర్వాత నూనె లారీలు కొన్నాడు.

వానాకాలం మొదట్లో సర్కారు నూనె చూసే ఆఫీసు నుంచి ఒక కబురొచ్చింది. టాంకీలూ, వాటిలోని నిల్వా ఇక గుత్తకు ఇస్తారట. ఎవరికి కావాలన్నా తమ మాట రాసి లిఫాఫాలో, అంటే కవరులో పెట్టి, లక్క వేసి ఇవ్వాలి. సోమవారం నాడు అందరి ముందూ లిఫాఫాలు విప్పి, ఎవరిది మేలైతే వాళ్లకిస్తారు. అప్పటిదాకా ఎవరికి వస్తుందో ఆ ఆఫీసు నడిపే సాహెబ్‌కు కూడా తెలియదు.

చంద్రభాగ వదిన ఆ కబురు విని కూర్చోలేదు. ఆమె మా వాడలోనే, గోడ అవతలి గదిలో ఉండేది. మొగుడు పోయాక బీడీలు చుట్టి బతికింది. దాజీ పేటలో, బీడీ పనివాళ్లకు కట్టిన విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే ఆడవాళ్లను పోగుచేసి ఒక సంఘం పెట్టింది. ఆ సంఘం పేరున లిఫాఫా వేసింది. ఆరోజు ఆఫీసు నుంచి వచ్చి మా గడప మీద కూలబడి చెప్పింది.

"లలితా, సాబ్ నాకు కుర్చీ ఏసిండే! బాయీ, తుమ్హీ బసా అన్నడు. నేను కూసున్న. నా పక్కన నర్సయ్య సేటు నిలబడి ఉన్నడు."

"నిజంగ నిలబడ్డడా వదినా?"

"నిలబడకేం జేస్తడు, కుర్చీ ఒక్కటే ఉండె. సాబ్ మంచోడే పిల్లా. లిఫాఫా లక్క నా ముంగటనే చూసి డబ్బల ఏసి తాళమేసిండు. మనకే రావాలె. వచ్చిందనుకో, మొట్టమొదలు నీ స్టవ్వు నింపుత." తమ్ముడి వైపు తిరిగింది. "ఏమ్రా పెంటిగా, లోకంల అందరి పేర్లు నేస్తవ్, మా సంఘం పేరు ఎన్నడు నేస్తవ్‌రా?"

"రానియ్యక్కా, చూద్దాం," అన్నాడు ఆయన. అంటూ గోడ వైపు చూశాడు. నాకు అప్పుడు తెలియలేదు. ఆరోజు పొద్దుటి నుంచే కారఖానాలో ఆయన ఒక కొత్త పేరుకు అట్టలు కొడుతున్నాడు.

శుక్రవారం ఆయన తెచ్చిన గుడ్డ అంగీ లోపల, పొట్టకు చుట్టుకుని ఉంది. ఎప్పుడూ చంకలో పెట్టుకుని వచ్చేవాడు. పెట్టె తీసి అడుగున పెట్టాడు. పెట్టెకు తాళం వేశాడు. మా పెట్టెకు తాళం ఉందన్న సంగతే నేను మరచిపోయాను.

అన్నం దగ్గర చేయి కదలలేదు. "ఏమైంది?" అన్నాను. ఏమీ లేదన్నాడు. మళ్లీ అడిగితే తాళం చెవి నా ముందు పెట్టాడు.

నేను మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. గుడ్డ విప్పి కూడబలుక్కుని చదివాను. ఎర్ర అంచు మీద తెల్ల అక్షరాలు. 'సర్కారీ రాకెల్ టాంకీల ఠేకేదార్ నరసయ్య సేటు తరఫున సాహెబ్ గారికి సప్రేమ భేట్.' ఠేకేదార్ అంటే గుత్త తీసుకున్నవాడు.

"ఇదేంది? లిఫాఫాలు సోమవారం కదా విప్పేది?"

"మెల్లగ మాట్లాడు. గోడ అవుతల అక్క ఉన్నది."

"అంటే ఇయ్యాల్నే తెలుసన్నట్టా ఎవలకొస్తదో?"

"అంబాదాస్ సేటు చెప్పంగ నేను అడిగిన. సేట్, ఇదింకా అయితె కాలేదు గదా అని. నవ్విండు. పెండ్లి తువ్వాల పెండ్లికి ముందుగాల నెయ్యమా అన్నడు. సోమవారం మధ్యాహ్నానికే సత్కారమట. హాలు కూడ మాట్లాడి పెట్టిండ్రట. నర్సయ్య సేటుకు పేరు తువ్వాల లేంది సత్కారమే కాదు."

ఆ గుడ్డ నా ఒళ్లో ఉంది. సాహెబ్ వదినకు వేసిన కుర్చీ గుర్తొచ్చింది. లక్క వేసిన లిఫాఫా, తాళం వేసిన డబ్బా గుర్తొచ్చాయి.

"వదినకు చెప్తవా?" అన్నాను.

"చెప్తె ఇప్పుడే బజార్ల నిలబడి ఒర్లుతది. నా మాట పోతది, మగ్గం పోతది. సేటు ముంగట ఎట్ల నిలబడాలె?" కంచం పక్కకు జరిపి అన్నాడు. "చెప్పకుంటె అక్క ముంగట ఎట్ల నిలబడాలె?"

గుడ్డ మడిచేలోపే వదిన గొంతు గుమ్మంలో వినబడింది. పొగాకు మరకల చేతులు కడుక్కుని, నీళ్లు కారుతుండగా లోపలికొచ్చింది. చేతికి దొరికిన గుడ్డతో తుడుచుకోవడం ఆమెకు అలవాటు. నా ఒడి వైపు చేయి చాపింది. నేను దాన్ని అట్లాగే కొంగు కింద అదిమి, పక్కనున్న హెడ్‌మాస్టరు గుడ్డ అందించాను.

"మళ్ల ఈ మాస్తరేనా? ఈయన మీద చెయ్యి తుడుస్తె నాకు లెక్కలు తప్పినట్టే అనిపిస్తది," అని నవ్వి, తమ్ముడి కంచం చూసింది. "ఏమ్రా, అన్నం మీద అలిగినవా? పెండ్లాం ఏమన్న అన్నదా?"

"కడుపుల బాగలేదక్కా."

"సోమవారం దాక బాగచేసుకో. ఆ దినం నువ్వు గూడ రావాలె ఆఫీసుకు. ఆడోళ్లమే ఉంటె గేటుకాడ్నే ఆపుతరు."

ఆయన తల ఊపాడు. ఆమె వెళ్లాక నా కొంగు కింద గుడ్డ తడిసి ఉంది. నా చేతి చెమటే.

మరునాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చి కూర్చోగానే గల్లీ మొదట్లో జీపు ఆగిన చప్పుడైంది. మా గల్లీలోకి జీపులు రావు. తొంగి చూస్తే జీపులో నరసయ్య సేటు కూర్చుని ఉన్నాడు. దిగి మా ఇంటివైపు నడిచి వస్తున్నది అంబాదాస్ సేటు. మిఠాయి పంపించడమే కానీ ఆయన ఎన్నడూ మా గడప తొక్కలేదు.

ఆ వేళకు గుడ్డ పెట్టెలో లేదు. పొద్దున ఎలుక కొట్టిన చీర కోసం నేను పెట్టెంతా తీశాను. వదిన మళ్లీ వచ్చి ఏదో సర్దబోతుందేమోనన్న భయంతో ఆ తువ్వాలను భాకరీల బుట్టలో, రొట్టెలకు చుట్టి పెట్టాను. అక్షరాలు లోపలికి. రొట్టెల గుడ్డ ఎవరూ విప్పి చదవరని నా ఆలోచన.

సేటు గుమ్మంలో నిలబడ్డాడు. మా ఇంటాయన కంచం ముందునుంచి లేచాడు.

"కూసో పెంటప్పా, తినేటోన్ని లేపొద్దు. ఒక్కటే మాట. మొన్న నేసిన ఆ మొదటి గుడ్డ ఏదీ?"

"ఎందుకు సేట్?"

"నర్సయ్య సేటుకు మనసుల పీకుతున్నది. నాలుగు రోజులు ఆగి నేయించాల్సిందని ఇప్పుడంటున్నడు. తయారైనయి తీస్కపోయి ఇంట్ల పెట్టుకున్నడు. మొదటిది గూడ కావాల్నట."

"దానికి నూనె వడ్డది సేట్. మగ్గం తుడుస్త దాంతోని."

"మగ్గం కాడ చూసొచ్చిన. లేదు."

నేను పొయ్యి దగ్గర వంగి కూర్చున్నాను. బుట్ట నా మోకాలికి తగులుతోంది. అలవాటు ఎంత పాడుదో అప్పుడు తెలిసింది. ఏమనాలో తోచక మా ఇంటాయన, "రాక రాక వచ్చినవ్, అన్నం తిని పో సేట్," అన్నాడు.

ఆయన కాదంటాడనే అనుకున్నాం. సేటు చెప్పులు విడిచి లోపలికొచ్చి, పీట లాక్కుని బుట్ట పక్కనే కూర్చున్నాడు.

"పెట్టమ్మా. నీ చేతి భాకరీ ఎన్నడు తినలే."

బుట్ట మూత తీశాను. గుడ్డను ఒక మూల మాత్రం పైకెత్తి, చేయి లోపలికి పోనిచ్చి రొట్టె తీశాను. ఎర్ర అంచు కొంచెం కనబడింది. ఎర్ర అంచు తువ్వాలలు సోలాపూర్‌లో ఇంటింటా ఉంటాయి. అయినా సేటు బుట్టను చూస్తున్నాడో, నన్ను చూస్తున్నాడో తలెత్తి చూడలేకపోయాను. వేరుసెనగ కారం వేశాను. సేటు తుంచుకుని తిన్నాడు.

చేయి కడుక్కుంటూ అన్నాడు. "పెంటప్పా, నీకు జకార్డు ఇచ్చింది నేను."

"మరువలే సేట్."

"మీ అక్క లిఫాఫా ఏసింది. నాకెరికే. అది వచ్చేదిగాదు. ఎవలు ఏం జేసినా రాదు. ఆ గుడ్డ బయటవడితె ఆమెకొచ్చేదేం లేదు, నీకు పోయేదే ఉన్నది. మన నేతోళ్ల దేవుడు మార్కండేయుని మీద ఒట్టేసి చెప్పు, ఇంట్ల లేదని."

ఆయన ఒట్టు వేయలేదు. "నీ ఉప్పు తిన్నోన్ని, నా మీద ఒట్టు ఎందుకు సేట్?" అన్నాడు.

"ఇయ్యాల నేను తిన్న నీ ఉప్పు," అన్నాడు అంబాదాస్ సేటు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. జీపు అక్కడే చాలాసేపు ఉండి, తర్వాత కదిలింది. ఒక మనిషి మాత్రం మలుపులో పాన్‌డబ్బా దగ్గర నిలబడిపోయాడు. ఆదివారం కూడా వాడు అక్కడే ఉన్నాడు.

ఆదివారమంతా వదిన గొంతే వాడలో. సంఘం ఆడవాళ్లు మా ముంగిట్లో బీడీల చేటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రాకెల్ కార్డు మీద ఎవరికి ముందు పోయాలి, బాలింతలకా, ముసలివాళ్లకా అని కొట్లాడుకున్నారు. ఇంకా రాని నూనె కోసం ఆ కొట్లాట. "వచ్చినంక తన్నుకుందురు ఆగుండ్రి," అని వదిన నవ్వుతోంది. మా ఇంటాయన లోపల గోడకానుకుని ఆ మాటలన్నీ విన్నాడు. ఆకు కత్తిరించే చప్పుడు వింటున్నాడో, మాటలు వింటున్నాడో. నాతో ఒక్కటే అన్నాడు.

"బాలింతలకే ముందుగాల అంటున్నది అక్క. చూసినవా."

సోమవారం పొద్దున ఆయన స్నానం చేసి తెల్ల అంగీ వేసుకున్నాడు. బయటికి పోయేటప్పుడు తలకు చుట్టుకోవడానికి ఒక తువ్వాల నేనే తీసి ఇస్తాను. మా పెళ్లి అయినప్పటి నుంచీ అంతే. ఆయన అడగడు, నేనే ఏదో ఒకటి తీస్తాను. ఆరోజు పెట్టె ముందు కూర్చుని నా చేయి ఏ గుడ్డ మీదికీ పోలేదు.

"ఏది ఇయ్యాలె?" అన్నాను.

ఆయన భాకరీల బుట్ట వైపు చూశాడు. "అదే ఇయ్యి."

రొట్టె ముక్కలు దులిపి ఇచ్చాను. అక్షరాలు లోపలికి పోయేట్టు తలకు చుట్టుకున్నాడు. పాన్‌డబ్బా మనిషి ముందునుంచే నడిచాం. వాడు మా చేతులు చూశాడు. సంచులు చూశాడు. తల చూడలేదు.

ఆఫీసు వరండాలో మా ఆడవాళ్లు ఒక పక్క, నరసయ్య సేటు, ఆయన మనుషులు ఒక పక్క. వాళ్ల మధ్యలో అంబాదాస్ సేటు. సాహెబ్ వచ్చి బల్ల వెనక కూర్చున్నాడు. బంట్రోతు తాళం వేసిన డబ్బా తెచ్చి పెట్టాడు. వదినకు మళ్లీ కుర్చీ వేశారు. ఆమె కొంగు సర్దుకుని, అందరినీ ఒకసారి చూసి కూర్చుంది. తాళం తీసి సాహెబ్ మొదటి లిఫాఫా చేతిలోకి తీసుకున్నాడు.

"సాబ్," అన్నాడు మా ఇంటాయన.

ఆయన గొంతు ఎప్పుడూ పైకి రాదు. ఇద్దరు ముగ్గురికి మాత్రమే వినబడింది. అప్పుడు తల మీది తువ్వాల విప్పాడు. రెండు చేతులతో అంచు పట్టుకుని సాహెబ్ ముందు చాపాడు. సత్కారంలో కప్పడానికి చాపినట్టే. కప్పలేదు. పట్టుకుని నిలబడ్డాడు.

సాహెబ్ చదివాడు. వెనక ఉన్నవాళ్లు ముందుకు తోసుకొచ్చి చదివారు. చదవడం రాని ఆడవాళ్లు "ఏముందే, ఏముందే?" అంటున్నారు. నేను చదివి చెప్పాను. ఇంటి బయట నేను అంత గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే.

నరసయ్య సేటు మొహంలో రంగు మారింది. సాహెబ్ మొహం మారలేదు. అది చూసే నాకు భయమైంది.

"నువ్వు ఎవరు?" అని మరాఠీలో అడిగాడు.

"నేతోన్ని సాబ్. నేను నేసిన. నాకు చెప్పి నేయించిండ్రు."

"ఈ బాయికి నువ్వేమవుతావు?"

"తమ్మున్ని."

సాహెబ్ వెనక్కి వాలి నవ్వాడు. "అక్క లిఫాఫా వేస్తుంది, తమ్ముడు తువ్వాల నేస్తాడు. నీ మగ్గం, నీ నూలు. నా పేరేంటి, ఎవరి పేరైనా నేస్తావు. పోలీసులను పిలవమంటావా?"

"నాది గాదు సాబ్, కారఖానాల నేసింది. మా సేటును అడుగుండ్రి."

అందరూ అంబాదాస్ సేటు వైపు చూశారు. ఆయన మా ఇంటాయన వైపు చూడలేదు. ఆ తువ్వాల అంచు మీదే చూపు పెట్టి, "మా దగ్గర ఇసొంటిది నేయలే. నాకు తెల్వదు," అన్నాడు.

మా ఇంటాయన చేతులు కిందికి జారాయి. తువ్వాల నేలకు తగిలింది. పోలీసులన్నప్పుడు ఆయన అంత జారలేదు. ఆ ఒక్క మాటకు జారాడు.

వదిన అప్పటిదాకా తమ్ముణ్ని చూస్తూ కూర్చుంది. ఏం జరిగిందో, ఎన్నాళ్ల నుంచి జరుగుతోందో ఆమెకు అప్పుడే అర్థమవుతోంది. కుర్చీలోంచి లేచింది. లేచి కుర్చీని కాలితో వెనక్కి తోసింది.

"పోలీసోళ్లను పిలువు సాబ్. గనీ వాళ్లు వచ్చెలోపల డబ్బల లిఫాఫాలున్నయి గదా, విప్పు. నా తమ్ముడు అబద్ధం నేసిండని గదా నువ్వంటున్నవ్? విప్పు. నర్సయ్య సేటు పేరు రాకపోతె నా తమ్మున్ని నేనే తీస్కపోయి ఠాణాల కూసోవెడ్త. వచ్చిందనుకో... నువ్వు ఇంకా విప్పని లిఫాఫాల పేరు వీనికి ఎట్ల తెలిసిందో నాకు చెప్పాలె. వీడేమన్న దేవుడా? పెంట మీద దొరికినోడు సాబ్ వీడు!"

ఎవరో పకపకా నవ్వారు. తర్వాత అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. "విప్పు, విప్పు," అని ఆడవాళ్లు బల్ల చుట్టూ మూగారు. సాహెబ్ చేతిలో లిఫాఫా ఉంది. ఆయన బొటనవేలు లక్క మీద ఉంది. నేను ఆ వేలినే చూస్తున్నాను. అది కదల్లేదు. నరసయ్య సేటు "సాహెబ్, ఇయ్యాల వద్దు," అని సన్నగా అన్నాడు. ఆ మాట మా వైపు వాళ్లందరికీ వినబడింది.

లిఫాఫా మళ్లీ డబ్బాలోకి పోయింది. గొడవ అయింది కాబట్టి తారీఖు వెనక్కి వేస్తున్నామని సాహెబ్ చెప్పాడు. తువ్వాలను కాగితాలతోపాటు లోపలికి తీసుకుపోయారు. మళ్లీ మాకు ఇవ్వలేదు. కొత్త తారీఖు ఎన్నడూ రాలేదు. తువ్వాల మాట పై ఆఫీసుకు ఎక్కిందనీ, గుత్త మాటే ఆపేశారనీ కొన్నాళ్లకు అన్నారు. సాహెబ్‌ను ఇంకో ఊరికి మార్చారు. శిక్ష అయిందని మాత్రం ఎవరూ అనలేదు. టాంకీలు సర్కారువిగానే ఉన్నాయి. వదిన సంఘానికీ రాలేదు. అయితే ఆ వానల్లోనే నిల్వ తీసి కార్డు మీద పోశారు. బాలింతలకు ముందు పోయించింది వదిన. నా స్టవ్వు చివర నింపింది. "తమ్ముడి పెండ్లానికి ముందు పోస్తె సాబుకు నాకు ఏం ఫరక్?" అంది.

ఆ సోమవారం ఇంటికి వచ్చే దారిలో ఆమె తమ్ముడితో మాట్లాడలేదు. వాడ గుమ్మంలో ఆగి, "ఎన్నడు తెలుసురా నీకు?" అంది.

"నువ్వు లిఫాఫా ఏసిన దినమే."

"అందుకేనా శుక్రవారం నుంచి అన్నం తిన్లేవు?"

ఆమె లోపలికి పోయి, కంచంలో అన్నం కలుపుకొచ్చి ముందు పెట్టింది. "తిను," అంది. ఆయన తింటూ ఏడ్చాడు. నేను చూసినంతలో అదొక్కసారే.

మరునాడు కారఖానాకు పోయాడు. పోవద్దంటే వినలేదు. అంబాదాస్ సేటు తిట్టలేదట. ఆయన కొట్టిన అట్టల దండలన్నీ అటక మీంచి దింపించి, "ఇవి అప్పజెప్పి పో," అన్నాడట. పెళ్లిళ్లు, మాస్తర్లు, ఎన్నికలు, అన్నీ అక్కడ పెట్టి వచ్చేశాడు. ఇంకో కారఖానాకు పోతే, "నీ చెయ్యి మంచిదే పెంటప్పా, నోరే మంచిది గాదు," అన్నారు. ఆయనకు నోరే లేదని వాళ్లకు తెలియదు. చివరికి హోట్గి రోడ్ వైపు ఒక పవర్‌లూమ్ షెడ్డులో గీతల చద్దర్లు దొరికాయి. పేరూ లేదు, పువ్వూ లేదు, అన్నీ గీతలే. ఆ చప్పుడులో చెవులు మందగించాయి. పత్తి దూది ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంది. అంబాదాస్ సేటు ఎదురైతే మాత్రం అప్పుడూ ఆగి నిలబడేవాడు. సేటు తల వంచుకుని పోయేవాడు. "తప్పు నీదా, ఆయనదా?" అని నేనంటే, "జకార్డు ఇచ్చింది ఆయనే గదా," అనేవాడు.

పోయిన ఆషాఢంలో ఆయన వెళ్లిపోయాడు. దగ్గుతోనే. మంచం మీద ఉన్నప్పుడు మలుపులో పాన్‌డబ్బా వైపు చూసి, "ఆడు ఇంకా ఉన్నడా?" అని ఒకసారి అడిగాడు. లేడన్నాను. నవ్వాడు.

పదోనాడు బట్టలు పెట్టడానికి అందరూ వచ్చారు. అంబాదాస్ సేటు చేతికర్ర పట్టుకుని వచ్చాడు. ఒక తువ్వాల తెచ్చి ఫోటో ముందు పెట్టాడు. తెల్లది. ఎర్ర అంచు. అంచు మీద ఏమీ లేదు.

వదిన ఊరుకుంటుందా? "ఏం సేటూ, ఎందరి పేర్లో నేసినోనికి పేరు లేని గుడ్డ తెచ్చినవా?" అంది, అందరి ముందూ.

సేటు చాలాసేపు ఫోటో చూశాడు. "నేయిద్దామనే అనుకున్న చంద్రభాగా," అన్నాడు. "వీడు పోయినంక మా కారఖానాల పేరు నేసే చెయ్యి లేదు."

వదిన లేచి ఆయనకు పీట వేసింది.

ఆ తువ్వాల పెట్టె అడుగున ఉంది. మిగతావన్నీ ఉతుకుతాను, ఆరేస్తాను. దాన్ని ఇంకా నీళ్లలో వేయలేదు.